ఫైర్‌ప్లేస్ పక్క గూడు

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అంటారు. నేను పెళ్లి చేసుకుని చూశాను, అది నిలబడలేదు. తర్వాత ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఈ ఇల్లు కొని చూశాను. ఇది నిలబడింది గానీ, హాల్లో ఫైర్‌ప్లేస్ పక్కన గోడలో ఉన్న గూటితోనే తంటా. వెనకటి డబ్బా టీవీల కోసం వదిలిన గూడు అది. లోతెక్కువ, వెడల్పు తక్కువ. ఇప్పటి టీవీ ఏదీ అందులో పట్టదు.

ఇంటికొచ్చిన ప్రతివాళ్లూ సలహాదారులే. దేవుణ్ణి పెట్టమని ఒకరంటే, పక్కనే మంట ఉంటే దేవుడికి చెమటలు పోస్తాయని ఇంకొకరు. నా ఫ్రెండ్ మోహన్ అయితే, "చిన్న బార్ పెట్టెయ్ రా బాబూ, సింగిల్‌గా ఉన్నావ్ కదా" అన్నాడు. సింగిల్ అట! నాకు పదమూడేళ్ల కూతురుందని వాడికి తెలియదా?

ఇషా వాళ్లమ్మ సాయి ప్రియ దగ్గర ఉంటుంది. వారం విడిచి వారం శని, ఆదివారాలు నా దగ్గరికి వస్తుంది. చిన్నప్పుడు వస్తూనే దుప్పటి లాక్కుని ఆ గూట్లో దూరేది. "ఇది నా హౌస్ నాన్నా, నువ్వు నాక్ చెయ్యాలి" అనేది. గూటికి తలుపెక్కడిది? నేను గోడ మీద కొట్టి, రమ్మనేదాకా నిలబడేవాణ్ణి.

ఈమధ్య వస్తే బ్యాగ్ జిప్ కూడా తీయడం లేదు. దాని గదిలో మంచం, బల్ల అన్నీ ఉన్నాయి. అయినా హోటల్లో దిగినట్టు దిగి వెళ్లిపోతుంది. పోయినసారి కార్‌లో అడిగింది, "నాన్నా, ఎవ్రీ టైమ్ ఉండాలా? జస్ట్ లంచ్‌కి వస్తాను, ఓకేనా?" అని.

"నీ ఇష్టం తల్లీ" అన్నాను. ఇష్టమట, నా మొహం. దాన్ని దింపి వచ్చి ఆ గూటి ముందు కూర్చుని ఏడ్చాను.

కార్లకి సీట్లు డిజైన్ చేయడం నా ఉద్యోగం. ముక్కూ మొహం తెలియనివాళ్ల నడుముల సుఖం చూసేవాణ్ణి, నా బిడ్డ కూర్చోడానికి ఒక చోటు చేయలేనా? దానికి ఉండిపోవాలనిపించే చోటు కావాలి నాకు. గూట్లో ప్లైవుడ్‌తో బెంచీ కొట్టాను. కింద సొరుగు, పైన పుస్తకాలకి అర, పక్కన చిన్న లైటు. మంచి ఫోమ్ వేసి మెత్తగా కుట్టించాను. కొలత మాత్రం ఎవర్నీ అడగలేదు. కన్నకూతురి కొలత ఇంకొకరిని అడగడమేమిటి? అది మోకాళ్లు ముడుచుకుని కూర్చుంటే నా చేత్తో ఎన్ని జానలుంటుందో నాకు కంఠతా వచ్చు.

శనివారం పొద్దున్న ఇషా వచ్చి చూసింది.

"నా కోసమా?" అంటూ షూస్ విప్పి ఎక్కింది. వీపు ఒక గోడకి ఆనేసరికి మోకాళ్లు రెండో గోడకి తగిలి గడ్డం దాకా వచ్చాయి. తల అరకి కొట్టుకుంది. ఇటు తిరిగింది, అటు తిరిగింది. లాభం లేదు. ఆఫీస్‌లో పొట్టివాళ్లకీ పొడుగువాళ్లకీ కూడా సరిపోతే తప్ప ఏ సీటునీ ఒప్పుకోను. ఇంట్లో మాత్రం ఎప్పుడో పెరిగి వెళ్లిపోయిన పిల్లకి సీటు చేసి కూర్చున్నాను.

"ఇట్స్ సో క్యూట్ నాన్నా" అంది నా మొహం చూసి. తిట్టినా బాగుండేది. నా మీద జాలిపడింది.

మెల్లగా దిగి, ఫైర్‌ప్లేస్ ముందు కార్పెట్ మీద వెల్లకిలా పడుకుంది. ఎప్పుడు సాగింది ఇంత పొడుగు? నేను అవతలికి వెళ్లాలంటే దాన్ని దాటాలి.

చిన్నప్పుడు ఇలాగే పడుకున్నప్పుడు పొరపాటున దాటానా, ఇల్లు ఎగిరిపోయేలా అరిచేది. పడుకున్న పిల్లల్ని దాటితే ఎదగరని మా అమ్మ వీడియో కాల్‌లో దానికి నూరిపోసింది. నేను మళ్లీ వెనక్కి దాటేదాకా ఊరుకునేది కాదు.

ఇప్పుడు కళ్లు మూసుకుని, "నాన్నా, నన్ను దాటెయ్" అంది.

"ఎందుకే?"

"అప్పుడు గ్రో అవ్వను కదా. నీ గూట్లో ఫిట్ అవుతాను."

నవ్వుతూనే అంది. నాకు నవ్వు రాలేదు. నిజంగానే కాలెత్తాను. ఇది ఇంతే ఉండిపోవాలని, ఇంతే కూడా కాదు, మళ్లీ దుప్పట్లో ముడుచుకున్నంత అయిపోవాలని, నేను మళ్లీ గోడ మీద కొట్టి నిలబడాలని ఎంతగా అనిపించిందో చెప్పలేను.

కాలు దించేశాను. దాని పాదాల వైపు నుంచి చుట్టూ తిరిగి గరాజ్‌లోకి వెళ్లి రంపం తెచ్చాను.

"లే. ఆ అర కోసేద్దాం. బెంచీ హాల్లోకి పెంచుదాం. ఎందాకా పెంచాలో నువ్వే గీత గియ్యి."

ఇషా లేచి కూర్చుంది. గూటి వైపు చూసింది, నా వైపు చూసింది. పెన్సిల్ కోసం బ్యాగ్ దగ్గరికి లాక్కుని జిప్ తీసింది.