జడ్జిగారి ముందు సంతకం

గంజి వారుస్తుంటే నా భర్త మోసెస్ కాగితం తెచ్చి పొయ్యిగట్టు మీద పెట్టాడు. చేతికంటిన మెతుకులైనా కడుక్కోనివ్వలేదు. "ఏటే ఆలోచన? ఇక్కడ సంతకమెట్టు, బేగి. బస్సెల్లిపోద్ది." పెట్టాను. పెళ్లైనప్పటి నుంచి ఆయన వేలు చూపించిన చోటల్లా పెడుతూనే ఉన్నాను. మా అమ్మ నాకిచ్చిన కాఫీ తోటను నా ఇష్టంతోనే మరిది సమూయేలుకు వదిలేస్తున్నానని, దైవసాక్షిగా ప్రమాణం చేస్తున్నానని అందులో ఉంది. ఆ తోటలో మొక్కల మొదళ్లకు మట్టి ఎగదోసింది నేను. వానలో జలగలు పీకేసుకుంటూ పండు కోసేదీ నేనే. అత్తయ్య ఆనందమ్మ గుమ్మంలో కూర్చుని నవ్వింది. "తోట నీ పేరునుంటే మావోడు నీకు పాలేరనుకుంటారే, కోడలా!" నేనూ నవ్వాను. నవ్వకపోతే మొహం మాడ్చుకుందంటుంది.

బస్సులో కళ్లు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టి, సగంలో ఆపేశాను. భర్త మాట వినాలని సంఘంలో చెబుతారు. దేవుడి పేరు మీద అబద్ధమాడకూడదనీ అక్కడే చెబుతారు. రెండూ ఒకేరోజు ఎదురైతే ఏం చెయ్యాలో పాస్టరుగారిని నేనెప్పుడూ అడగలేదు.

కోర్టు దగ్గర నోటరీ లేడు. అఫిడవిట్ మీద మేజిస్ట్రేటుగారు సంతకం చేసినా చెల్లుతుందని గుమాస్తా లోపలికి పంపాడు. జడ్జిగారు కాగితం చూసి, "సంతకం ఎక్కడ పెట్టారమ్మా?" అన్నారు.

"ఇంటికాడే ఎట్టించేసాను సార్, మీకు శ్రమెందుకని," అన్నాడు మోసెస్, గొప్పగా.

"ఆవిణ్ణి అడిగాను. నా ముందు ప్రమాణం చేసి, నా ముందు సంతకం పెడితేనే నేను ధ్రువీకరించగలను." పాత సంతకం కొట్టేసి, పెన్ను నా వైపు జరిపారు. "ఇందులో ఉన్నదంతా తెలుసా? మీ ఇష్టంతోనేనా?"

ఆయన గొంతులో జాలి లేదు. రోజూ అందరినీ అడిగే ప్రశ్నే అయ్యుంటుంది. కానీ అడిగి ఆగారు. నా జవాబు కోసం ఒకరు ఆగడం నాకు అలవాటు లేదు.

మోసెస్ మోచేత్తో పొడిచాడు. "సెప్పవే, అవునని."

తిరిగి వెళ్లాల్సింది ఆ ఇంటికే. ఈ మనిషికే అన్నం వడ్డించాలి. సంఘంలో ఆడవాళ్లు నా పక్కన కూర్చోవడం మానేస్తారు. ఇవన్నీ తెలుసు, తెలిసే నోరు తెరిచాను.

"కాదండి. ఆ తోట నాకు కావాలి."