కర్నల్ దొర చేతిరాత

శ్రీరంగప్పకు లంచమంటే ఒళ్లుమంట. అనంతపురంలో భూముల ఫైళ్లు చూసే ఆ గుమాస్తా ఎవరిచేతి కాఫీ కూడా ముట్టేవాడు కాదు. ఫైళ్లనూ ముట్టేవాడు కాదనుకోండి, అది వేరే సంగతి! అతనికున్న పిచ్చి ఒక్కటే: యుద్ధం జరుగుతుండగా సేనలను నడిపినవాళ్లు సొంత చేత్తో రాసిన ఉత్తరాలు పోగుచెయ్యడం. టైపు కొట్టినవి ఇస్తే విసిరికొట్టేవాడు. ట్రంకుపెట్టె నిండా మేజర్లూ కెప్టెన్లే గానీ, కర్నల్ ఉత్తరం ఒక్కటీ దొరకలేదు. ఆ దిగులుతో అన్నం సయించేది కాదు.

బెళుగుప్ప నల్లమ్మ మొగుడు ఆదెప్ప బర్మా యుద్ధానికి పోయొచ్చినవాడు. సైనికులకిచ్చే భూమికి అర్జీ పెట్టి, పట్టా చూడకుండానే కన్నుమూశాడు. వానల్లేక కూలి కూడా దొరకని ఆ ఏడు, ఆ కాస్త చేనే ఆమెకు దిక్కు. వారం వారం బస్సెక్కి వచ్చేది. "రేపు రామ్మా" అనేవాడు శ్రీరంగప్ప, తలెత్తకుండానే.

బంట్రోతు ఆ పిచ్చి సంగతి చెవిన వేశాక ఆమె అడిగింది. "రేపే వస్తాలే సామీ. మా ఆయప్పకాడ కర్నల్ దొర పెన్సిలుతో రాసిన జాబుండాది. దాంతో పొయ్యి రాజేసుకునేదా?"

శ్రీరంగప్ప కుర్చీలోంచి ఎగిరి లేచాడు. "అయ్యయ్యో, వద్దమ్మా! కూర్చో!"

"పట్టా నా చేతికొస్తే జాబు నీ చేతికొస్తాది."

ఇది లంచం కాదులే, కాగితానికి కాగితం అని మనసుకు సర్దిచెప్పుకున్నాడు మహానుభావుడు. ఏళ్లుగా పడుకున్న ఫైలుకు కాళ్లొచ్చాయి. వారం తిరక్కముందే తానే పట్టా పట్టుకుని బెళుగుప్పలో బస్సు దిగాడు.

నల్లమ్మ పట్టాను కళ్లకద్దుకుని జొన్నల కుండలో దాచాకే జాబు తీసింది. నిజంగా కర్నల్ చేతిరాతే! పక్క పటాలం కర్నల్‌కు ఇంగ్లీషులో రాశాడు: "ఈ చీటీ తెచ్చే వంటవాణ్ణి నీకు పంపుతున్నాను, క్షమించు. జపానువాళ్ల తుపాకులకు నిలబడ్డ నా మనుషులు ఇతని చారుకు మంచమెక్కారు."

శ్రీరంగప్పకు ఎంత సంతోషమో అంత జాలీ వేసింది. ఎదురుగా ఆమె ఆశగా చూస్తోంది. ఎట్లా చెప్పడం? బుద్ధెరిగాక తొలిసారి కాగితంలో లేనిది చదివాడు. "నీ మొగుడంతటి శూరుడు లేడని రాసినాడమ్మా దొర."

నల్లమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని పడీపడీ నవ్వింది. "ఎంత మంచోనివి సామీ! మా ఆయప్ప దావలోనే దాన్ని చదివించుకోని, ఆడ ఇయ్యకుండా దాపెట్టినాడు. ఇంటికొచ్చినాంక కూడా చారు నేనే కాస్తాననేటోడు." కళ్లు తుడుచుకుంది. "దొర నాలుగు దినాలు తాగి ఇంత రాసినాడు. నేను ఆయప్ప పోయేదాంకా తాగినా సామీ. ఒక్క మాటన్లా."