పూజగది గడియ

నేను ఒక వైపు మాత్రమే బతికే వస్తువును. తలుపుకు లోపలివైపు బిగించిన ఇనుప గడియను. బయటివారికి నా చప్పుడే తప్ప నా ముఖం తెలియదు.

నన్ను సాగగొట్టిన కమ్మరి నాకు గుర్తులేడు; దెబ్బలే గుర్తు. తణుకులో ఒక ధాన్యపు గిడ్డంగి తలుపుకు ఉండి, చాలాకాలం బియ్యాన్ని మనుషుల నుంచి కాపాడాను. గిడ్డంగి కూల్చాక పాత సామాన్ల కొట్టులో పడి ఉంటే సోమశేఖరంగారు కొన్నారు. ఇక మనుషులను మనుషుల నుంచి కాపాడాలి. బియ్యం ఎన్నడూ భయపడలేదు. ఈ పని వేరని అప్పుడే గ్రహించవలసింది.

ఆయన వీధిలోనే ఒక ఇంట్లోకి పట్టపగలు దొంగలు చొరబడి, ముసలాయనను కొట్టి, ఉన్నదంతా దోచుకుపోయారు. అప్పటినుంచి ఆయనకు స్థిమితం లేదు. ఇంట్లో కిటికీ లేకుండా, గట్టి టేకు తలుపుతో ఉన్నది పూజగది ఒక్కటే. నన్ను దానికి బిగించి ఇంటిల్లిపాదికీ తర్ఫీదు మొదలుపెట్టారు. ఆయన చప్పట్లు కొట్టగానే భార్య ఇందుమతి, తల్లి మాణిక్యాంబ, పదిహేనేళ్ళ కూతురు శ్రీవాణి పరుగున లోపలికి రావాలి. గడియ పడ్డాక ఎవరు పిలిచినా తీయకూడదు.

"పోపు మాడిపోతోందండీ!"

"దొంగలు నీ పోపు వేగేదాకా ఆగుతారా? రా!"

పటాల ముందు నలుగురూ ఇరుక్కుని రొప్పుతుంటే నాకు గర్వంగా ఉండేది.

ఒక ఆదివారం శ్రీవాణి గడప దగ్గరే ఆగిపోయింది. ఆ ఇంట్లో నెలసరి రోజుల్లో ఆడవాళ్ళు పూజగదిలోకి రారు.

"అది బయటుందిరా, రాకూడదు," అంది మాణిక్యాంబ.

"అయితే దొంగలకి కబురెట్టు మామ్మా, నాలుగు రోజులాగి రమ్మని."

ఇందుమతి నవ్వబోయి ఆపుకుంది. సోమశేఖరంగారు పటాల వైపు చూశారు. "ఇది ఉత్తుత్తిదేగా అమ్మడూ. నిజంగా వస్తే నిన్నెవరాపుతారు? వచ్చేద్దువుగాని," అంటూ నన్ను వేశారు. ఆ తరువాత ప్రతి నెలా ఆ రోజుల్లో ఆమె బయట నిలబడటమే సాధన చేసింది. చెప్పిన మాటను మనసు వింటుందేమో. పాదం మాత్రం చేసినదాన్నే నేర్చుకుంటుంది.

ఒక మధ్యాహ్నం వీధి గేటు ఫెళ్ళున విరిగింది. అరుపులు. ముగ్గురూ లోపల పడ్డారు. శ్రీవాణి కూడా పరుగెత్తుకొచ్చింది. వచ్చి, గడప ముందు నిలిచిపోయింది. ఆమెకు అవి ఆ రోజులు.

"మైలా లేదు, గీలా లేదు, రావే తల్లీ!" మాణిక్యాంబ చేయి చాచింది. ఆ పాదం లేవలేదు. వరండాలో బూట్ల చప్పుడు. సోమశేఖరంగారు తలుపు మూశారు. తరువాత నేను పడ్డాను.

"తియ్యండి! పిల్ల బయటుంది!" ఇందుమతి ఆయన వీపు మీద గుద్దుతోంది. ఆయన రెండు చేతులతోనూ నన్ను అదిమి పట్టుకునే ఉన్నారు.

కాసేపటికి బయటినుంచి నెమ్మదైన గొంతు వినిపించింది. "దొంగలు కాదు నాన్నా. లారీ వెనక్కొస్తూ గేటుని గుద్దేసింది. డ్రైవరు చెప్పడానికొచ్చాడు. మంచినీళ్ళిచ్చాను. తలుపు తియ్యొచ్చు."

ఇందుమతే నన్ను తీసింది. ఆ రోజుతో చప్పట్లు ఆగిపోయాయి. నెలసరి ఆచారాన్ని మాణిక్యాంబే ఎత్తివేసింది. సాయంత్రం దీపం పెట్టి, "ఏ రోజైనా సరే, లోపలికి రా తల్లీ," అని పిలుస్తుంది. శ్రీవాణి వస్తుంది. గడప అవతలే నిలబడి దండం పెట్టుకుని వెళ్ళిపోతుంది. ఆ వేళకు సోమశేఖరంగారు పెరట్లో ఏదో పని కల్పించుకుంటారు.