రోగం లేని మనిషి

యేసురత్నం తలకు దెబ్బ తగిలి రెండేళ్లయింది. ఎయిర్‌పోర్టులో ప్రయాణికుల్ని దింపి, టాక్సీని ఓనరు షెడ్డులో పెట్టి, బైకు మీద కొత్వాల్‌గూడకు తిరిగి వస్తుంటే ఇసుక లారీ రాసుకుంటూ పోయింది. కొన్నాళ్లు దవాఖానలో పడుకొని లేచి వచ్చాడు. గట్టి మనిషి, మళ్లీ టాక్సీ నడుపుతున్నాడు. కోపం మాత్రం ముక్కు మీదే ఉంటుంది. అదంతా భార్య ప్రేమమ్మ మీద తీరుతుంది.

ఆ లారీ దెబ్బే తన తమ్ముడి చేత అలా చేయిస్తోందని పక్కింట్లో ఉండే ఆయన అక్క మార్తమ్మ అందరికీ చెప్పేది. ప్రేమమ్మ కూడా ఆ మాటే పట్టుకుంది. లారీ తగలకముందు మీ బాపు బంగారమని కూతురికి చెప్పేది. కూతురు జూలీకి పద్నాలుగేళ్లు. తను ఐదో తరగతిలో ఉన్నప్పుడు, ఏ లారీ తగలని రోజుల్లో, బాపు అమ్మ తలను తలుపు చెక్కకేసి కొట్టడం జూలీకి గుర్తుంది. అమ్మకే గుర్తు లేదు. ఈ మధ్య అమ్మకు చాలా సంగతులు గుర్తుండటం లేదు. పొయ్యి మీద పాలు పెట్టి నీళ్లకు పోతుంది. చర్చిలో పాట సగంలో ఆగిపోయి పక్కవాళ్ల పెదవులు చూస్తుంది. ఆ మతిమరుపుకు కూడా తన్నులు తింటుంది.

ఆ ఏడాది పట్నంలో ఒక పెద్దాసుపత్రిలో మృదుల అనే డాక్టరమ్మ తలదెబ్బలు తగిలినవాళ్ల మీద పరిశోధన మొదలుపెట్టింది. మామూలు స్కానింగులో ఏమీ కనబడకపోయినా కొందరికి మతిమరుపు, కోపం ఎందుకు వస్తాయో తేల్చాలని ఆమె పట్టుదల. దవాఖాన చిట్టాలో పేరు చూసి యేసురత్నానికి కబురు పంపింది. పోల్చి చూడటానికి రోగం లేని మనిషి కూడా ఒకరు కావాలట. అదే వయసు, అంతే చదువు. ఆయన ప్రేమమ్మను బయల్దేరదీశాడు. తోడుగా జూలీ కూడా పోయింది.

ప్రేమమ్మ మొహంలో పండగ కనబడింది. శంషాబాద్‌లో బస్సు ఎక్కుతూ, ఆయన ముందుకు పోయాక జూలీ చెవిలో చెప్పింది.

"లోపల దెబ్బ కనబడితే మందిస్తరు బిడ్డా. మందేసుకుంటే కొట్టుడు బందైతది."

ఆసుపత్రిలో స్కానింగు మిషన్ చూపించి, మెదడులో తెల్లటి పోగులుంటాయనీ, వాటి వెంబడే ఆలోచనలు అటూ ఇటూ పోతాయనీ డాక్టరమ్మ ఓపిగ్గా చెప్పింది. ఆ పోగుల్లో నీటి కదలికను ఈ మిషన్ పట్టుకుంటుంది. పోగు బాగుంటే నీరు దాని పొడుగునా సాగుతుంది, చెడితే నలువైపులకూ చెదురుతుంది. పాలకూర మళ్లలో పగిలిన డ్రిప్పు పైపు లాగా అన్నమాట అనుకుంది జూలీ. పైకి అనలేదు.

తలకు ఎప్పుడైనా దెబ్బ తగిలిందా అని నర్సు ప్రేమమ్మను అడిగింది. "లేదు" అన్నాడు యేసురత్నం. భార్యల జవాబులు భర్తలు చెప్పడం నర్సుకు కొత్త కాదు. రాసుకుంది. తర్వాత మతి పరీక్షలు పెట్టారు. అంకెలన్నీ వరసగా గీతతో కలపమంటే ఆయన చకచకా కలిపేశాడు. కొన్ని మాటలు చదివి తిరిగి చెప్పమంటే ప్రేమమ్మ కుండ, గొడుగు అని ఆగిపోయింది.

"రోగం లేని మనిషే గిట్లుంటే రోగమున్నోళ్లు ఎట్లుంటరు మేడం?" అన్నాడు. నర్సు నవ్వింది.

నెల తిరక్కుండా డాక్టరమ్మ ముగ్గుర్నీ మళ్లీ పిలిపించింది. యేసురత్నం తల బొమ్మ చూపించి, పోగులు బాగానే ఉన్నాయనీ, కోపానికి తలదెబ్బే కారణమని తాను చెప్పలేననీ అంది. ఆయన్ని రక్తపరీక్షకు పంపి, తలుపు మూసి, ఇంకో బొమ్మ చూపించింది. ఎలుకలు కొరికిన గోనెపట్టాలా ఉంది. అది అమ్మ తల.

"ఇలాంటిది ఒక్క దెబ్బతో రాదమ్మా. ఏళ్ల తరబడి తగిలి ఉండాలి. ఇంట్లో మిమ్మల్ని ఎవరైనా కొడతారా?"

ప్రేమమ్మ ఆలోచించింది. నిజంగానే ఆలోచించింది.

"నాకు యాదికి లేదమ్మా."

బడిలో హాజరు పిలిస్తే టీచరుకు వినబడేలా పలకలేని పిల్ల జూలీ. అయినా పలికింది.

"బాపు కొడతడు."

డాక్టరమ్మ మొహం పాలిపోయింది. మంచి మనిషే, కానీ గుండె చాలలేదు. యేసురత్నం లోపలికి రాగానే కొట్టడం అనే మాట నోట రాకుండా తిప్పి తిప్పి చెప్పింది.

"ఎవరి వల్లనైనా సరే, ఆవిడ తలకు ఇక దెబ్బ తగలకూడదండీ. మీరే చూసుకోవాలి."

ఆయన చేతులు కట్టుకొని సరేనన్నాడు. తర్వాత డాక్టరమ్మ కంప్యూటర్ వైపు తిరిగి, ప్రేమమ్మను పరిశోధన లెక్కలోంచి తీసేస్తున్నామంది. రోగం లేనివాళ్లలో కలపడానికి లేదు. ప్రమాదం జరిగినట్టు కాగితం లేదు కాబట్టి రోగుల్లోనూ కలపడానికి లేదు.

తిరుగు బస్సులో ప్రేమమ్మ ఆయనకు మందు రాశారా అని అడిగింది. రోగం తనకు కాదు, నీకేనన్నాడు. కాసేపటికి మరిచిపోయి మళ్లీ అడిగింది. శంషాబాద్ వచ్చేదాకా అడుగుతూనే ఉంది.

సాయంత్రానికి వాడంతా తెలిసింది. తన తమ్ముడు మేలిమి బంగారమనీ, దాని తలకాయే పుచ్చిందనీ మార్తమ్మ నల్లా దగ్గర చెప్పి వచ్చింది. ఆమె తమ్ముడి గడపలోకి వచ్చేసరికి యేసురత్నం గది మధ్యలో నిలబడి ఉన్నాడు.

"నేను కొడతనని డాక్టరమ్మకు ఎవరు చెప్పిన్రు?"

జూలీ అమ్మ వెనక్కి జరిగింది. ప్రేమమ్మ కూతురి మొహం చూసింది.

"నేనే చెప్పిన" అంది.

అమ్మకు గుర్తుండి అన్నదో, ఏమీ గుర్తు లేకే తన మీద వేసుకున్నదో జూలీకి తెలియలేదు. ఆయన చెయ్యి పైకి లేచింది.

"తల మీద వద్దు తమ్మీ" అంది మార్తమ్మ గడపలోంచి. "డాక్టరమ్మ చెప్పింది కదా."

"నాకు యాదున్నదక్కా."

లేచిన చెయ్యి దించి నడుముకున్న బెల్టు విప్పాడు. ప్రేమమ్మ అలవాటు కొద్దీ గోడ మూలకు కూలబడి రెండు చేతులూ తల మీద గట్టిగా కప్పుకుంది. వీపంతా ఆయన వైపే ఉంది.