రేసు సైకిలు రేటు

"లెక్కల టీచరువి కదా, ఆ రెండు సైకిళ్లూ అమ్మేద్దాం, రేటు నువ్వే కట్టేసేయ్," అన్నాడు ఫణిశ్రీనివాస్, శ్రీసుధ దోసెల పిండి రుబ్బుతుండగా. ఆయనకు పెళ్లాం చదువు గుర్తొచ్చేది ఇలాంటప్పుడే. జీతం పడ్డ రోజున కూడా అనుకోండి.

అవి వంపు హ్యాండిలూ, సన్నటి టైర్లూ ఉన్న రేసు సైకిళ్లు. కరోనా రోజుల్లో "మొగుడూ పెళ్లాలం జంటగా తొక్కుదాం" అంటూ ఒకేసారి రెండూ కొన్నాడు. తనది పదకొండుసార్లు తొక్కి, నడుం పట్టేసిందని వెనక వసారాలో గోడకెక్కించేశాడు. "ఇంటి కోడలు అలా ఒంగుని తొక్కితే ఊళ్లో ఏటనుకుంటారు?" అని అత్తగారు బాలాత్రిపురసుందరి అనడంతో శ్రీసుధది కూడా గోడెక్కింది. గోడెక్కినా వాటికి సేవ తప్పలేదు. ఆదివారం వస్తే దుమ్ము తుడవాలి, గాలి కొట్టాలి. "ఖాళీయే కదా, కొంచెం చూస్తుండు," అంటాడాయన. వారంలో ఆరు రోజులు బడిలో నిలబడి అరిచే మనిషి ఏడో రోజున ఖాళీయే మరి.

ఆయనకు తెలియని సంగతొకటుంది. రెండేళ్లుగా పొద్దున్న ఐదింటికి, ఇల్లంతా గురకపెడుతుండగా, శ్రీసుధ పాల వంకతో తన సైకిలు దింపుకుని మాడుగుల రోడ్డు పట్టుకుంటోంది. "పాల ప్యాకెట్టుకి గంటేటే?" అని అత్తగారడిగితే "క్యూ ఉంది అత్తయ్యా," అనేస్తుంది. ఆ గంటసేపూ ఆమెను ఎవరూ టీ అడగరు, సాక్సులడగరు. చెరకు తోటల పక్కన అలా పోతుంటే ఆమెకు సంతోషంగా ఉంటుంది. అంతకన్నా పెద్ద కారణమేమీ లేదు.

అందుకే రేటు కట్టబోతే చెయ్యాడలేదు. ఆయనదానికి ఇరవై వేలు రాసింది. తనదాన్ని ఎవడూ కొనకూడదని నలభై వేలు రాసి, పక్కన "అసలు వాడనిది" అని చేర్చింది. ఫణి మురిసిపోయి రెండూ ఫోన్లో అమ్మకానికి పెట్టేశాడు.

ఆదివారం చీడికాడ నుంచి సత్తిబాబు వచ్చాడు. పాత గేరు సైకిళ్లు కొని, బాగుచేసి అమ్ముకుంటాడు.

"గొలుసెప్పుడు మార్సేరు బాబూ?" అంటే ఫణి బుర్ర గోక్కున్నాడు. వంటింట్లోంచి శ్రీసుధ చెప్పింది. బ్రేకుల సంగతీ ఆమే చెప్పింది. మూడో ప్రశ్నకి సత్తిబాబు కుర్చీని వంటింటివైపు తిప్పేసుకున్నాడు.

సత్తిబాబు ఫణి సైకిలు గేర్లు తడిమితే వేళ్లకు పచ్చగా అంటింది. "ఏటిదండీ, పసుపా?"

"దసరాకి నేనే పూజ చేసేను," అంది అత్తగారు గర్వంగా.

"పూజ బండికి సేస్తారు గానండీ, గొలుసు లోపలికి సేస్తారేటండీ? రెండేలు తగ్గించాల."

"అమ్మవారి పసుపుకి రేటు తగ్గిస్తావేట్రా బాబూ!"

సత్తిబాబు వినిపించుకోకుండా రెండో సైకిలు టైరు మీద బొటనవేలితో రాశాడు. "ఇది వాడనిదేటండీ? టైరు సూడండి, ఎంత అరిగిపోయిందో. బాగా తొక్కేసిన బండి. పదిహేనేలిస్తాను, ఇప్పుడే పట్టుకుపోతాను."

"ఎవరు తొక్కుతారయ్యా? మా కోడలికి సైకిలెక్కడమే రాదు," అంది అత్తగారు.

"పోనీ ఇచ్చేద్దాం సుధా. గోడకి వేలాడ్డమే కదా దాని పని," అన్నాడు ఫణి.

శ్రీసుధ నోరు మూసుకుంటే గుట్టు దాగుతుంది, సైకిలు పోతుంది. ఆ గంటా పోతుంది. పొయ్యి కట్టేసి, చేతులు తుడుచుకుని వసారాలోకి వచ్చింది. తన సైకిలు హ్యాండిలు పట్టుకుంది.

"నేనే తొక్కేను. రోజూ పన్నెండు కిలోమీటర్లు. మాడుగుల రోడ్డులో."

"అయితే ఆ పాల క్యూ?" అంది అత్తగారు.

"క్యూ లేదత్తయ్యా."

ఫణి ఇద్దరినీ మార్చి మార్చి చూసి, ఆఖరికి, "మరి దీనికెంత చెప్పమంటావు?" అన్నాడు.

శ్రీసుధ సత్తిబాబు వైపు తిరిగింది.

"ఇది వాడకంలో ఉన్న బండండీ. అమ్మకానికున్నది ఆయనదొక్కటే."