నా ఒంటి మీది ‘గు’

నేను ఒక పాత రైఫిల్‌ను. నా మాట నమ్మండని మిమ్మల్ని అడగను. ఇంతవరకు నన్ను నమ్మినవాళ్లందరూ పొరబడ్డారు. నమ్మనిది ఒక్కతే.

సముద్రం అవతల ఏదో కర్మాగారంలో పుట్టాను. గొట్టం చల్లారగానే నా మెడ మీద ‘ఎం 24 బి’ అని ముద్ర కొట్టారు. మనుషులు పిల్లలకు పేర్లు పెట్టి, వాళ్లు ఎలా తయారవుతారోనని జీవితాంతం ఎదురుచూస్తారు. మా ముద్ర చదివితే మాత్రం మా గుణమంతా తెలిసిపోతుందని వాళ్ల ధీమా.

ఓడ దిగి ఉత్తరాంధ్రలో ఒక చిన్న సంస్థానం ఆయుధశాలలో చేరాను. అక్కడి మేస్త్రి అన్ని తుపాకులనూ పేల్చి చూసి, సూటిగా కొట్టిన నన్ను పక్కకు తీశాడు. ఆ ఇంగ్లీషు ముద్ర పక్కన ఉలితో ‘గురి’ అని చెక్కబోయాడు. ‘గు’ అయ్యేసరికి ఎవరో పిలిచారు. ‘రి’ అతని దగ్గరే ఉండిపోయింది.

చివరిసారి నన్ను చిరుతపులి వేటకు తీసుకెళ్లారు. తూటా పెట్టారు. చిరుత రాలేదు. తెచ్చి గోడకు ఆనించారు, తూటా తీయడం మరిచారు. తర్వాత సంస్థానాలూ పోయాయి, వేటలూ పోయాయి. తూటా నా కడుపులోనే ఉంది. దాని వెనక తలుపులా ఉండే బోల్టు తుప్పుపట్టి బిగుసుకుపోయింది.

చేతులు మారుతూ మారుతూ విశాఖపట్నంలో జగన్నాథరాజు గారింటికి చేరాను. పాత తుపాకులు సేకరించడం ఆయన సరదా. భూతద్దం పట్టుకుని, జాతకం చూసినట్టు నా ముద్ర చూశారు. ‘ఎం’ అంటే మోడల్. 24 అంటే ఆ నమూనా తయారైన సంవత్సరం. ‘బి’ అంటే రెండోసారి మార్పులు చేసిన రకం. అక్కడిదాకా బాగానే చదివారు. ‘గు’ దగ్గర ఆగారు. బోల్టు లాగితే రాలేదు. ఆయన ముఖం వాడిపోయింది.

“గుల్ల. ఊరేగింపులో మోయడానికి బోల్టు అతికేసి పెట్టుకున్నారు,” అన్నారు.

తుప్పును అతుకనుకున్నారు. చదువుకున్నవారు కాబట్టి మళ్లీ చూడలేదు. నేను తన గోడకు తగనని, అనకాపల్లిలో ఫోటో స్టూడియో నడిపే సన్యాసిరావుకు ఊరికే ఇచ్చేశారు.

ఆ స్టూడియోలో సింహాసనం లాంటి కుర్చీ, అట్ట కిరీటం, రేకు కత్తి ఉండేవి. వాటి సరసన నేను. ఇంట్లో నోరెత్తని మగవాళ్లు కూడా నన్ను పట్టుకోగానే కళ్లెర్రజేసేవారు.

సన్యాసిరావు భార్య నూకరత్నం దేన్నీ ఊరికే నమ్మే మనిషి కాదు. కూతురు పండుకు చెప్పులు తొడిగే ముందు దులిపేది. పొద్దున్న కాచిన పాలైనా వాసన చూడందే పట్టేది కాదు. నన్ను చూసిన రోజు ఇంగ్లీషు అక్షరాల జోలికి పోలేదు, తనకు వచ్చిన ఒక్క అక్షరం మీద వేలు పెట్టింది.

“ఈ ‘గు’ ఏటి మావా?”

“గుల్ల. రాజుగారే సెప్పారు.”

“గుండేమో.”

“రాజుగారికన్నా నీకెక్కువ తెలుసేటే?”

“నాకేటీ తెల్దు. అందుకే అడుగుతున్నాను.”

ఒకరోజు ఫోటోకు వచ్చిన పెళ్లికొడుకు నన్ను కెమెరా మీదికి ఎక్కుపెట్టాడు. కెమెరా స్టాండు పట్టుకుని పండు నిలబడి ఉంది. అతని వేలు నా మీట మీద పడింది. మీట కొంచెం కదిలింది. ఇంకొంచెం కదిలితే ఏమవుతుందో ఆ గదిలో నాకొక్కదానికే తెలుసు. కానీ నా నోటికి ఒక్కటే మాట వచ్చు.

నూకరత్నం నన్ను అతని చేతుల్లోంచి లాక్కుంది. “తుపాకీ సాలు బాబూ, కిరీటం ఎట్టుకో.”

అతను వెళ్లాక భర్తను పట్టుకుంది. “అతికేసిందైతే మీటెందుకు కదిలింది?”

“నీ కళ్లు కదిలుంటాయి,” అన్నాడు సన్యాసిరావు నవ్వుతూ.

ఆమె నవ్వలేదు. పండును పక్కింట్లో వదిలి వచ్చింది. నా మూతి గోడవైపు తిప్పి, పక్కన నిలబడి, కొబ్బరి చీపురులోంచి పొడవాటి ఈనె లాగి గొట్టంలోకి దింపింది. ఆగినచోట గోటితో నొక్కి బయటికి తీసి, నా ఒంటి వెంబడి పరిచి చూసింది. ఈనె బోల్టు దాకా రాలేదు. వేలెడంత ముందే ఆగింది.

“గుల్లంటే కాళీ కదా మావా. మరి లోపల అడ్డేటున్నాది?”

“తుప్పు ఉంటాదే.”

“తుప్పయితే తుప్పే. స్టేషన్లో సూపించుకొద్దాం.”

సన్యాసిరావు నవ్వు ఆగిపోయింది. “లైసెన్సు లేదే. నన్నక్కడే కూకోబెట్టెస్తారు.”

“నువ్వు కూకుంటే సాయంత్రానికి లేచొస్తావు. పండు పడిపోతే లేస్తాదా?”

సన్యాసిరావు నన్ను దుప్పట్లో చుట్టుకుని, మూతి నేలకేసి పట్టుకుని నడిచాడు, వెనకే నూకరత్నం.

స్టేషన్లో తుపాకులు బాగుచేసే పోలీసును పిలిపించారు. అతను బోల్టు చుట్టూ నూనె పోసి నాననిచ్చాడు. తర్వాత జాగ్రత్తగా తట్టి తట్టి లాగాడు. చిలుం పట్టిన ఇత్తడి తూటా బల్ల మీద పడి దొర్లింది. సన్యాసిరావు గోడ పక్కనున్న బెంచీ మీద కూర్చున్నాడు, ఎవరూ కూర్చోబెట్టకుండానే.

నా మెడకు అట్టముక్క కడుతూ హెడ్డు కానిస్టేబుల్ నా ముద్ర చదివాడు. “ఎం, ఇరవై నాలుగు, బి. ఇదేంటమ్మా, ‘గు’?”

నూకరత్నం చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఉంది. కొంగు తీయకుండానే చెప్పింది.

“గుబులు సార్.”

అతను అట్టముక్క మీద దాన్ని రాయలేదు. నేను మాత్రం రాసుకున్నాను. మేస్త్రి చెక్కబోయిన మాట కన్నా ఇదే నాకు సరిపోయింది. ఆ మాటకొస్తే గురి కూడా ఆమెదే.

ఇప్పుడు స్టేషన్ వెనక సామాన్ల గదిలో, పాత సైకిళ్ల మధ్య ఉన్నాను. కడుపు ఖాళీ. ఇప్పుడు నిజంగానే గుల్లను. ఆ సాయంత్రం సన్యాసిరావును వివరాలన్నీ అడిగి పంపించేశారు. గదికి తాళం వేసిన చప్పుడు విన్నాను, ఆ భార్యాభర్తల అడుగులు దూరమవడమూ విన్నాను. ఇంతలో ఒక జత అడుగులు వెనక్కి వచ్చాయి. బయటినుంచి ఎవరో తాళం పట్టుకుని గట్టిగా లాగి చూశారు.

ఎవరో నాకు తెలుసు. మళ్లీ ఒకసారి లాగింది.