అరుంధతి ఈత

దోహాలో గురుప్రసాద్ పనిచేసే కాంట్రాక్టు కంపెనీ ఆ ఏడు ఇన్సూరెన్సు వాళ్ళను మార్చింది. కొత్తవాళ్ళు కొత్త పద్ధతి తెచ్చారు. కుటుంబాల వైద్యం కోసం జీతంలోంచి కోసుకునే ప్రీమియం ఇకమీదట అందరికీ ఒకటే కాదట. భార్యాభర్తలిద్దరూ ఆరోగ్య పరీక్షలో నెగ్గితే బాగా తగ్గిస్తారు. రక్తపరీక్ష, బీపీ, బరువు, ఆఖరున కంపెనీ మైదానం చుట్టూ చెప్పిన వ్యవధిలో చురుగ్గా నడిచి చూపించాలి.

ఈ సంగతంతా గురుప్రసాద్ భోజనాల దగ్గర హుషారుగా చెప్పి, నడక మాట వచ్చేసరికి నాలుక కరుచుకున్నాడు. అతని భార్య అరుంధతికి చిన్నతనంలోనే పోలియో వచ్చి ఎడమకాలు సన్నబడిపోయింది. కాలికి ఇనుప పట్టీల చట్రం తొడుక్కుని నడుస్తుంది. ఇల్లంతా తిరుగుతుంది గానీ చురుగ్గా నడవడం ఆమె వల్ల కాదు.

“మనం పూర్తి ప్రీమియమే కట్టుకుందాంలే. నువ్వేం పరీక్షకి రానక్కర్లేదు,” అన్నాడు మెత్తగా.

ఆ మెత్తదనమే ఆమెను గుచ్చింది. ఆ గొంతు ఆమెకు కొత్త కాదు. రాజమండ్రిలో చదువుకునే రోజుల్లో ఆటల పీరియడు వచ్చినప్పుడల్లా టీచరు ఇదే గొంతుతో వరండాలో కూర్చోమనేది. గోదావరి ఒడ్డున పెరిగి కూడా, పుష్కరాలప్పుడు మెట్ల మీద కూర్చుని చెంబుతో నీళ్ళు పోసుకున్న పిల్ల. దోహా వచ్చాక ఒక్కనాడు మంచాన పడలేదు. మెసైమీర్ పేటలో కంపెనీ ఇచ్చిన ఇంట్లో పనంతా ఆమే చేసుకుంటుంది. సాయంత్రాలు చుట్టుపక్కల పిల్లలకు లెక్కలు చెబుతుంది. అలాంటి తనను పరీక్షకు ముందే తప్పినవాళ్ళలో కలిపేశారన్న ఉక్రోషంతో కొన్నాళ్ళు ముభావంగా తిరిగింది.

పక్కింటి ఇందిరాదేవి హైదరాబాదు మనిషి. ఆసుపత్రిలో చచ్చుబడిన కాళ్ళూ చేతులూ ఆడించే వైద్యం ఆమెది. అరుంధతి మొహం చూసి సంగతి రాబట్టింది.

“నడ్వకపోతేంది, ఈదు,” అంది. “నీళ్ళల్ల ఆ కాలు బరువు నీకు తెల్వనే తెల్వది. నేనుంటా పక్కన.”

ఇళ్ళ నడుమ ఉన్న ఈతకొలనులో కొన్ని పొద్దులు ఆడవాళ్ళకే కేటాయించారు. ఆ వేళ చుట్టూ తెరలు దించేవారు. నీళ్ళలో దిగడం కంటే గట్టు మీద నలుగురి ముందూ కాలి చట్రం విప్పడమే అరుంధతికి కష్టమైంది. లెబనాన్ ఆవిడా, ఇద్దరు మలయాళీలూ ఓసారి చూసి మళ్ళీ కబుర్లలో పడ్డారు. ఇందిరాదేవి చెయ్యి పట్టుకుని నిచ్చెన దిగింది. రొమ్ములోతుకు వెళ్ళేసరికి ఎడమకాలు దానంతటదే లేచి పైకి వచ్చింది. పుట్టి బుద్ధెరిగాక ఆ కాలిని ఈడ్చుకుంటూనే ఉంది. అది ఇలా తేలికగా కదలడం చూసి ఆమెకు నవ్వొచ్చింది, నవ్వబోయి నీళ్ళు మింగింది.

ఆ తరువాత మానలేదు. గట్టు పట్టుకుని కాళ్ళాడించింది, మొహం ముంచడం నేర్చింది, ముక్కులోకి నీళ్ళెక్కి దగ్గింది. చలికాలం వచ్చేసరికి ఈ గట్టునుంచి ఆ గట్టుకు ఆగకుండా ఈదగలుగుతోంది. గురుప్రసాద్‌కి ఇదంతా చెప్పింది గానీ, అతను సరదాకి నేర్చుకుంటోందనుకున్నాడు.

పరీక్షనాడు తనూ బయలుదేరింది. ఇన్సూరెన్సు తరఫున వచ్చిన డాక్టరు జియావుద్దీన్ కూడా హైదరాబాదువాడే. రక్తపరీక్ష, బీపీ, బరువు అన్నీ చూసి బాగున్నాయన్నాడు. తరువాత ఆమె కాలివైపు చూసి కళ్ళజోడు తుడుచుకున్నాడు.

“డాక్టరుగారూ, ఈ నడక పరీక్ష కాలికా, గుండెకా?” అని అడిగింది అరుంధతి.

“గుండెకేనమ్మా.”

“అయితే నేను ఈది చూపిస్తాను.”

రూల్లో నడకే ఉందని ఆయన అన్నాడు. అన్నాక తనకే ఆ మాట నచ్చక, ఇన్సూరెన్సు ఆఫీసుకు ఫోను చేశాడు. అవతలివాళ్ళతో చాలాసేపు వాదించాడు. చివరికి లేడీ డాక్టరు దగ్గరుండి చూస్తే సరేనన్నారు. మర్నాడు పొద్దున లేడీ డాక్టరు వచ్చి గట్టు మీద నిలబడింది. అరుంధతి చెప్పినంతసేపూ ఈది, పైకొచ్చి చెయ్యి చాపింది. నాడి చూసి ఆవిడ తలూపి, నెగ్గినట్టే రాసుకుంది.

తప్పినవాడు గురుప్రసాద్. మైదానం చుట్టూ అవలీలగా నడిచాడు గానీ, బీపీ ఎన్నిసార్లు చూసినా ఎక్కువే వచ్చింది. జియావుద్దీన్ మాత్రలు రాసి, ఆవకాయ తగ్గించమన్నాడు. ఇద్దరూ నెగ్గితేనే గనక ఆ ఏడు తగ్గింపు రాలేదు.  ఇంటికొచ్చి తలుపు తీశాక గురుప్రసాద్, “నిన్ను రావద్దన్నాను చూడు,” అన్నాడు సిగ్గుపడుతూ. అరుంధతి ఆపుకోలేక నవ్వింది. కాసేపటికి అతనూ నవ్వాడు.

మాత్రలు వేసుకున్నాడు, తిండి తగ్గించాడు. ఈత మాత్రం వద్దంటే వద్దన్నాడు. కుళాయి నీళ్ళు తప్ప ఎరగని అనంతపురం మనిషి, లోతంటే భయం. అరుంధతి వదల్లేదు. ఎండలు ముదరకముందే ఓ శుక్రవారం పొద్దున అతన్ని దోహా పక్కనున్న వక్రా ఊళ్ళో సముద్రం దగ్గరికి తీసుకెళ్ళింది. అక్కడ చాలాదూరం దాకా నడుములోతే. ఇసకలో అతని భుజం ఆసరాగా నడిచి, నీళ్ళలోకి వచ్చాక చెయ్యి తీసేసింది. వెల్లకిలా పడుకోమని అతని వీపు కింద అరచెయ్యి పెట్టింది. అతను కర్రలా బిగుసుకుపోయి ఆకాశంకేసి చూస్తున్నాడు.

“మెడ వదిలెయ్యండి,” అంది. “నేను పట్టుకునే ఉన్నానుగా.”

“వదలవు కదా?”

“వదలను. ఊపిరి తీసుకోండి.”

అతను కళ్ళు మూసుకుని ఊపిరి తీసుకున్నాడు. అరచేతి మీద బరువు మెల్లగా తగ్గుతూ రావడం ఆమెకు తెలుస్తూనే ఉంది.